మందు కొట్టని మిరియాలు పరీక్షలో ఎందుకు తప్పాయి? చిన్న రైతులకు ప్రమాణాలు అందే దారి చెప్పండి

పెదబయలు_తోటమిత్ర
అల్లూరి సీతారామరాజు జిల్లా పెదబయలు మండలంలో 64 గిరిజన కుటుంబాలతో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. వీరిలో ఎవరికీ రెండెకరాలకు మించి కాఫీ తోట లేదు. నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లకు పాకించిన మిరియాల పాదులే కాఫీ తరువాత వారికి చేతికందే డబ్బు. ఇన్నేళ్లూ సంతలో వర్తకుడు చెప్పిన ధరకు ఇచ్చి వచ్చిన ఈ రైతులు గడిచిన ఏడాది మొదటిసారిగా అందరి సరుకునూ ఒకచోట చేర్చి, ఒక కొనుగోలు సంస్థకు నేరుగా పంపారు. పదకొండు రోజులకు లారీ తిరిగి వచ్చింది. పురుగుమందుల అవశేషాలు లేవని, అయితే సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి కనబడిందని, తేమ 14 శాతం దాటిందని పరీక్ష కాగితంలో రాశారు. రానుపోను కిరాయి మా మీదనే పడింది. చివరికి ఆ సరుకునే అదే సంతలో, అదే వర్తకుడికి, ముందు చెప్పిన ధర కన్నా తక్కువకు ఇచ్చి వచ్చాము.

“చుక్క మందు కొట్టలేదు కదా బాబూ, మా మిరియాల్లో చెడు ఎక్కడి నుంచి వచ్చింది?” అని ఒక పెద్దావిడ అడిగితే నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. సురక్షిత సేద్య ప్రమాణాలంటే పురుగుమందుల సంగతేనని నేను కూడా అనుకుంటూ వచ్చాను. వచ్చే కోతకు ముందు ఏం మార్చాలి, ఏ వరుసలో మార్చాలి, ధ్రువపత్రం కోసం ఇప్పుడే పరుగెత్తాలా వద్దా అన్నవి తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను.

కొచ్చి_ప్రయోగశాల
నాది నర్సీపట్నం దగ్గర ఊరు. పదిహేనేళ్లుగా కొచ్చిలో సుగంధ ద్రవ్యాల పరీక్షల పనిలో ఉన్నాను. మీ పెద్దావిడ ప్రశ్న న్యాయమైనది. అవశేషాల పరీక్ష వేరు, సూక్ష్మజీవుల పరీక్ష వేరు. మొదటిది తోటలో ఏం చల్లారో చెబుతుంది. రెండవది కోసిన తరువాత ఆ గింజ ఎవరి చేతిలో, ఏ నేల మీద, ఏ సంచిలో ఉందో చెబుతుంది. సాల్మొనెల్లాకు “కొంతవరకు ఫరవాలేదు” అన్న పరిమితి లేదు. 25 గ్రాముల నమూనాలో అసలే ఉండకూడదు. పశువులు, కోళ్లు, పక్షులు, బల్లులు, ఎలుకల పేగుల నుంచి, మురికి నీటి నుంచి అది వస్తుంది. బ్రెజిల్ వంటి పెద్ద ఉత్పత్తిదారు దేశపు మిరియాలు కూడా ఐరోపా సరిహద్దుల్లో దీని కారణంగానే అదనపు తనిఖీలకు గురయ్యాయి. కాబట్టి ఇది మీ రైతుల నిర్లక్ష్యమని ఎవరూ అనవద్దు.

మూడు సంగతులు చెప్పండి. ఎక్కడ ఆరబెట్టారు? గుత్తుల నుంచి గింజ ఎలా రాల్చారు? ఏ సంచుల్లో పోశారు?

పెదబయలు_తోటమిత్ర
సగంమంది పేడతో అలికిన వాకిట్లో, కొందరు తారురోడ్డు అంచున, మిగిలినవారు టార్పాలిన్ బరకాల మీద ఆరబెట్టారు. వాకిళ్లలో కోళ్లు తిరుగుతూనే ఉంటాయి. గింజను కాళ్లతో తొక్కి రాల్చారు. సంచులు చాలావరకు ఎరువుల సంచులే, కడిగి వాడినవి.

కొచ్చి_ప్రయోగశాల
అయితే మీ కాగితంలోని ప్రతి మాటకూ మూలం ఈ మూడు జవాబుల్లోనే ఉంది.

గూడెం_రైతుబిడ్డ
ఈ మాటకు నేను ఒప్పుకోలేను. మా తాత, మా నాన్న పేడ అలికిన కళ్లంలోనే రాగులు, సామలు, మిరియాలు అన్నీ ఆరబెట్టారు. అవే తిని మేమందరం పెరిగాము, ఒక్కరికీ ఏమీ కాలేదు. దుమ్ము లేవకుండా, చీమ పట్టకుండా ఆడవాళ్లు తెల్లవారుజామున లేచి ఎంతో శ్రద్ధగా అలికే నేలను మురికి అనడం వాళ్ల కష్టాన్ని తక్కువ చేయడమే అవుతుంది. పట్నం వాళ్ల ప్రమాణం మా ఇంటి వాకిలికి ఎందుకు వర్తించాలి?

కొచ్చి_ప్రయోగశాల
తమ్ముడూ, మా అమ్మ కూడా అలాగే అలికేది. ఆ శ్రద్ధను నేను తక్కువ చేయడం లేదు. మనం మిరియాలు తినే తీరు వేరు. మనకు జలుబు చేస్తే మిరియాల చారు కాస్తారు, అది తెర్లుతుంది. పొంగలిలో వేస్తే నేతిలో వేగుతుంది. ఆ వేడికి సూక్ష్మజీవి బతకదు. మీ సరుకు వెళ్లే దేశాల్లో వండిన గుడ్డు మీద, కోసిన కూరగాయల మీద పచ్చిగానే పొడి చల్లుకుంటారు. ఎండిన గింజ మీద సాల్మొనెల్లా నెలల తరబడి చావకుండా ఉండగలదు, ఎండ ఒక్కటే దానిని చంపదు. రాగులు ఆ కళ్లంలోనే ఆరనివ్వండి, వాటిని ఎలాగూ అంబలి కాస్తారు. మిరియాలకు మాత్రం మధ్యన ఒక బరకం పరచమని అడుగుతున్నాను, అంతే.

గూడెం_రైతుబిడ్డ
పచ్చిగా చల్లుకుంటారన్న సంగతి నాకు తెలియదు. అలా చెబితే మా ఇంట్లో వాళ్లూ వింటారు. “మీ నేల శుభ్రంగా లేదు” అని వచ్చి చెప్పినవారి మాట మాత్రం ఎవరూ వినరు, ఇది తోటమిత్ర గారు గుర్తుంచుకోవాలి.

వంజంగి_మహిళాసంఘం
మా సంఘంలో 11 మందిమి మూడేళ్లుగా మిరియాలను వేడినీటిలో ముంచి ఆరబెడుతున్నాము. ఎలా చేస్తామో వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికి రావచ్చు.

ముందు గుత్తుల నుంచి గింజ రాల్చి, చేటతో చెరిగి, ఈనెలు, ఆకులు తీసేస్తాము. పెద్ద అల్యూమినియం డేగిసాలో ఊట నీరు పోసి బాగా మరగనిస్తాము. సన్నగా అల్లిన వెదురు బుట్టలో నాలుగైదు కిలోల పచ్చి గింజ పోసి, బుట్టతో సహా మరుగుతున్న నీటిలో ముంచి, ఒక నిమిషం కాగానే పైకి తీస్తాము. మొదటి ఏడాది మా దగ్గర గడియారం లేక అరవై అంకెలు పైకి లెక్కపెట్టేవాళ్లం, ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు. ఆకుపచ్చ రంగు కళ్లముందే ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. నీరు కారిపోయాక శుభ్రమైన బరకం మీద పలచగా పరుస్తాము. మామూలుగా ఆరు రోజులు పట్టేది మూడు, నాలుగు రోజుల్లో ఎండిపోతుంది. గింజలన్నీ ఒకే నలుపుతో నిగనిగలాడతాయి. అంతకుముందు కొన్ని నలుపు, కొన్ని బూడిదరంగు వచ్చేవి.

ఎండిందీ లేనిదీ తెలియడానికి నాలుగు గింజలు పంటి కింద వేస్తాము. టప్పున విరిగితే ఎండినట్టు, నొక్కుకుంటే ఇంకా ఒక పూట కావాలి.

సీలేరు_గాలి
అక్కా, కట్టెల మాటేమిటి? 64 కుటుంబాలు డేగిసాలు పెడితే అడవి మీద భారం పడదా?

వంజంగి_మహిళాసంఘం
ఇంటికొక పొయ్యి పెడితే తప్పకుండా పడుతుంది. మేము కాఫీ, సిల్వర్ ఓక్ కొమ్మలు కత్తిరించినప్పుడు వచ్చే పుల్లలే వాడతాము. ఒక పొయ్యి మీద వరుసగా 11 ఇళ్ల గింజ ముంచుతాము. నీరు నల్లబడి చిక్కనవగానే పారబోసి కొత్త నీరు పెడతాము. బుట్ట దించగానే నీటి మరుగు ఆగిపోతుంది కాబట్టి మళ్లీ మరిగేదాకా ఆగి ఆపైన లెక్క మొదలుపెట్టాలి. తొందరపడితే ఆ నిమిషం లెక్కలోకి రాదు.

కొచ్చి_ప్రయోగశాల
అక్క రాసిన చివరి రెండు వాక్యాలు శిక్షణ తరగతుల్లో చాలామంది చెప్పడం మరచిపోయే సంగతి. కోజికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ సిఫారసు చేసే పద్ధతి కూడా ఈ నిమిషం ముంపే. దీనికి నేను చేర్చేది ఒక్కటే. ముంచిన గింజను మళ్లీ కోళ్లు తిరిగే చోట పోస్తే, చేసిన కష్టమంతా ఆ ఒక్క పూటలో పోతుంది. ముంచడానికి ముందు ఉన్న బుట్ట వేరు, తరువాత వాడే బుట్ట వేరు ఉండాలి.

అనంతగిరి_కాఫీనీడ
ఇక్కడ అందరూ మరచిన ఇబ్బంది ఒకటి ఉంది. మిరియాలు కోతకు వచ్చే జనవరి, ఫిబ్రవరిలోనే కాఫీ పండు ఆఖరి ఏరుడు కూడా ఉంటుంది. ఉన్న నాలుగు బరకాలూ కాఫీ కిందే పరచి ఉంటాయి, మనుషులూ అక్కడే ఉంటారు. అందుకే మిరియాలు వాకిలికీ రోడ్డుకీ వెళుతున్నాయి. పొద్దున తొమ్మిది దాకా మంచు, మధ్యాహ్నం మూడుకల్లా నీడ, మధ్యన దొరికే ఎండ కొంచెమే. సాయంత్రం గింజను కుప్ప చేసి కప్పకపోతే పగలు పోయిన తేమ రాత్రికి తిరిగి వస్తుంది. తోటమిత్ర గారి 14 శాతానికి ఇదే కారణమని నా నమ్మకం. రైతుకు పద్ధతి తెలియక కాదు, ఆ వారంలో బరకం ఖాళీ లేక ఇలా జరుగుతోంది. మీరు శిక్షణ తరగతి పెట్టే డబ్బుతో ముందు ఇంటికి రెండు బరకాలు కొనండి.

పెదబయలు_తోటమిత్ర
ఈ మాట నన్ను ఆలోచనలో పడేసింది. గడిచిన ఏడాది మేము రెండు శిక్షణలు పెట్టాము, ఒక్క బరకం కూడా ఇవ్వలేదు.

గుంటూరు_కల్లం
మాది మిరప ప్రాంతం, అయినా ఈ బాధ మాకు పాతదే. తేమ ఉన్న కాయను కుప్ప పోస్తే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది. ఐరోపా సమాఖ్యలో మిరపకూ మిరియాలకూ ఒకటే పరిమితి. కిలోకు మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు, అందులో బి1 రకం 5 మించకూడదు. బూజు పైకి కనబడకపోయినా విషం ఉండవచ్చు, వేయిస్తే కూడా పూర్తిగా పోదు. గింజను 10, 11 శాతం తేమకు దించిన తరువాతే సంచికి ఎత్తండి.

ఎరువుల సంచుల గురించి గట్టిగా చెబుతున్నాను. ఎన్నిసార్లు కడిగినా ఆ నేతలో ఇరుక్కున్నది పోదు. మా ఊళ్లో ఒక రైతు తన ఎండుమిరపను పురుగుమందు డబ్బాలు పెట్టిన గదిలో నెల రోజులు నిల్వ చేసి, తోటలో ఎన్నడూ కొట్టని మందు కాయలో కనబడిందని తల పట్టుకున్నాడు. గోనె సంచి అయితే మంచిదేనని అనుకోవద్దు. జనపనారను మెత్తబరచడానికి మామూలు గోనెల తయారీలో ఖనిజ నూనె వాడతారు, అది గింజకు అంటుతుంది. ఆహార పదార్థాలకోసమే చేసిన గోనెలు, లోపల పలచటి సంచి వేసినవి అడిగి తెచ్చుకోవాలి.

కొచ్చి_ప్రయోగశాల
ఖనిజ నూనె మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. మెరుపుకోసం కొందరు వర్తకులు మిరియాలకు ఆ నూనె పట్టిస్తారు, అది నిషిద్ధం. మీ రైతులు నూనె పట్టించరు, కానీ సంతలో వర్తకుడి తూకపు సంచిలో పోసి మళ్లీ వెనక్కి తీసుకున్న గింజకు అది అంటవచ్చు. బేరం కుదరక తిరిగి తెచ్చిన సరుకును సంఘం కుప్పలో కలపకండి.

లెక్కలపుస్తకం
ధ్రువపత్రాల సంగతి నేను చెబుతాను, ఆ పనిలోనే ఉన్నాను. మూడు దారులను కలిపి మాట్లాడడం వల్లే రైతులు తికమక పడుతున్నారు.

ఎగుమతికి సేంద్రియ ముద్ర కావాలంటే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం కింద వెళ్లాలి. అది 2001లో మొదలైంది, కేంద్ర ప్రభుత్వ ఎగుమతి సంస్థ అపెడా నిర్వహిస్తుంది. చిన్న రైతులు విడివిడిగా ఆ ఖర్చు భరించలేరు కాబట్టి 25 నుంచి 500 మంది దాకా ఒక సమూహంగా చేరి, తమలో తాము తనిఖీ చేసుకునే అంతర్గత నియంత్రణ వ్యవస్థ పెట్టుకోవచ్చు. మిరియాలవంటి బహువార్షిక పంటకు సేంద్రియ పద్ధతికి మారేందుకు మూడేళ్ల పరివర్తన కాలం ఉంటుంది. రెండోది పీజీఎస్, అంటే రైతులే ఒకరికొకరు హామీ ఉండే పద్ధతి. అయిదుగురు రైతులు చేరినా చాలు, ఒకరి తోటను మరొకరు చూసి హామీ పడతారు, ఖర్చు నామమాత్రం. అయితే అది దేశంలో అమ్ముకోవడానికే పనికి వస్తుంది. మూడోది భారత నాణ్యతా మండలి వారి ఇండ్‌గ్యాప్. ఇది మంచి సేద్య పద్ధతుల ప్రమాణం, సేంద్రియం కాదు. సిఫారసు చేసిన మందును సిఫారసు చేసిన మోతాదులో వాడవచ్చు. నీరు, కూలీల భద్రత, కోత తరువాతి శుభ్రత, ప్రతి పనికీ రాత అన్నవి చూస్తుంది. తోటమిత్ర గారి సరుకు తప్పినది ఈ మూడోదానిలోని అంశాల మీద. సేంద్రియ ముద్ర చేతిలో ఉన్నా సాల్మొనెల్లా ఉంటే ఆ సరుకు తిరిగే వస్తుంది.

నా మాట వింటే ముందు కాగితం పని మొదలుపెట్టండి. తోట పటం, రైతు పేరు, ఎన్ని పాదులు, ఏ రోజు ఏం చేశారు అన్నవి రాయడానికి ఇప్పటి నుంచే అలవాటు పడాలి.

అనంతగిరి_కాఫీనీడ
ముందు కాగితం అన్నదానితో విభేదిస్తున్నాను. మా ఊరికి వచ్చిన ఒక సంస్థ రైతులకు పుస్తకాలు పంచింది. తనిఖీకి రెండు రోజుల ముందు ఆ సంస్థ కుర్రాడే 40 పుస్తకాలూ ఒక్కడే కూర్చుని ఒకే కలంతో నింపాడు. ఆ పుస్తకాలు తనిఖీలో నెగ్గాయి. బరకం మాత్రం ఒక్క ఇంటికీ రాలేదు.

లెక్కలపుస్తకం
అది రాత కాదు, మోసం. దానిని నేను సమర్థించను. నేను చూసిన మంచి పద్ధతి ఒకటి చెబుతాను. ఒక ఊళ్లో చదువురాని రైతులకోసం గోడకు వేలాడే క్యాలెండరులోనే గుర్తులు పెట్టించారు. కోసిన రోజున ఆకుపచ్చ చుక్క, ముంచిన రోజున ఎర్ర చుక్క, సంచికెత్తిన రోజున నల్ల చుక్క. ఏడో తరగతి చదివే పిల్ల నెలకొకసారి వాటిని పుస్తకంలోకి ఎక్కించింది. తనిఖీ అధికారి క్యాలెండరును, పుస్తకాన్ని పోల్చి చూసి ఒప్పుకున్నారు. సంఘం సంచికి ఇంటి సంఖ్య రాసిన చీటీ కుట్టడం మాత్రం ఎవరూ మానకూడదు. 64 ఇళ్ల గింజ కలిసిపోయాక చెడు ఏ వాకిలి నుంచి వచ్చిందో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

పెదబయలు_తోటమిత్ర
మాకు జరిగినది సరిగ్గా అదే. కొన్ని ఇళ్ల తప్పు 64 ఇళ్ల మీద పడింది. ఇంకో సందేహం. మా వారిలో చాలామందికి ఉన్నది అటవీ హక్కుల పట్టాయే. అది చెల్లుతుందా?

లెక్కలపుస్తకం
సాగుహక్కుకు ఆధారంగా ఆ పట్టాలు పెట్టిన సమూహాలను నేను చూశాను. పట్టాలోని విస్తీర్ణం, పటంలో గీసిన తోట సరిపోలాలి. ముందుగా చూడవలసింది పట్టా ఎవరి పేరున ఉందన్నదే. తండ్రి పేరున ఉండి కొడుకులు ముగ్గురు పంచుకుని సాగుచేస్తుంటే ఆ సంగతి మొదటే రాసి పెట్టండి.

గూడెం_రైతుబిడ్డ
కోత సంగతి ఎవరూ మాట్లాడడం లేదు. గుత్తిలో ఒకటి రెండు గింజలు ఎర్రబడ్డాక కోయాలని అందరికీ తెలుసు. మా ఊళ్లో డిసెంబరులోనే పచ్చి గుత్తులు దూసేస్తారు. ఎందుకంటే పక్కవాడు కోసేస్తాడన్న భయం ఒకటి, వర్తకుడి దగ్గర శ్రావణమాసంలో తెచ్చిన అప్పు మరొకటి. అప్పు ఇచ్చినవాడు పండేదాకా ఆగడు. లేత గింజ ఎండితే తాలు అవుతుంది, బరువు తూగదు.

సంత_తక్కెడ
నేను పాతికేళ్లు సంతల్లో మిరియాలు కొన్నవాడిని, ఇప్పుడు మానేశాను. సోల, మానిక లెక్కన కొనే చోట తాలు గింజ ఇచ్చిన రైతుకు నష్టం కనబడదు. తూకంతో అమ్మేటప్పుడు కనబడుతుంది. ఒక పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. సరిగ్గా ఒక లీటరు పట్టే గిన్నె తీసుకుని, ఎండిన మిరియాలు పైనుంచి వదులుగా పోసి, కర్రతో అంచు సమంగా గీసి తూచండి. 550 గ్రాములు తూగితే ఎగుమతి వర్తకులు మాట్లాడే మేలురకం గింజ. 500కు బాగా తగ్గితే తొందరపడి కోసినట్టే. మీ సంఘం ఈ గిన్నెను ప్రతి ఇంటి ముందూ పెట్టి, రైతు కళ్లముందే తూచి, గ్రాములను బట్టి ధర తేడా ఇస్తే, మరుసటి ఏడాది ఎవరూ డిసెంబరులో చెట్టెక్కరు. నేను వర్తకుడిగా ఉన్నప్పుడు ఈ లెక్క రైతుకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

వంజంగి_మహిళాసంఘం
ఈ గిన్నె మాట మా సంఘంలో రేపే చెబుతాను.

సీలేరు_గాలి
తోటలో పని గురించి కూడా అడగాలని ఉంది. మాకు రెండేళ్లుగా వానాకాలంలో పాదులు ఒక్కసారిగా వాడి, ఆకు రాలి, మొదలు నల్లబడి చచ్చిపోతున్నాయి. ఒకరు ఫోరేటు అనే పురుగుమందు గుళికలు వేయమన్నారు.

చింతపల్లి_నారుమడి
ఫోరేటు వేయవద్దు. మన దేశంలో అది 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషిద్ధం. ఎవరి దగ్గరైనా పాత నిల్వ ఉంటే ముట్టకండి. పైగా మీరు చెప్పిన లక్షణాలు పురుగువి కావు, ఫైటోఫ్తోరా అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి వల్ల వచ్చే మొదలుకుళ్లువి. గుళికలు దానిని ఏమీ చేయలేవు.

మొదటి పని నీరు నిలవకుండా కాలువ తీయడం, నేలను తాకే తీగలను పైకి కట్టడం లేదా కత్తిరించడం, చచ్చిన పాదును వేళ్లతో సహా పీకి తోట బయట కాల్చడం. వానలు మొదలయ్యే ముందు, మళ్లీ ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో ఒక శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేయాలి. కిలో మైలుతుత్తం 50 లీటర్ల నీటిలో, కిలో కాల్చిన సున్నం మరో 50 లీటర్లలో వేరువేరుగా కలిపి, తుత్తం నీటిని సున్నపు నీటిలోకి సన్నధారగా పోస్తూ కర్రతో కలపాలి. ఇనుప పాత్ర వాడకూడదు. కలిపాక తళతళలాడే కత్తిని ఒక నిమిషం అందులో ముంచి చూడండి. అంచున ఎర్రటి రాగి పొర కడితే ఇంకా సున్నం చాలలేదని అర్థం. అలాగే కొడితే ఆకు మాడుతుంది. పాదు మొదట్లో ట్రైకోడెర్మా అనే మేలు శిలీంధ్రం వేసేవారు దానికీ బోర్డో అనే ఈ రాగి మందుకూ మధ్య కొన్ని వారాల ఎడం ఇవ్వాలి, లేకపోతే మనం వేసిన మేలు శిలీంధ్రం మన మందుతోనే చస్తుంది. సేంద్రియ సమూహంలో ఉన్నవారు రాగి మందును ముందుగా తమ ధ్రువీకరణ సంస్థకు చెప్పి, మోతాదు రాసి వాడుకోవాలి.

అనంతగిరి_కాఫీనీడ
దీనికి తోడు మరొకటి. 2025లో అరకు ప్రాంతంలో కాఫీ కాయతొలుచు పురుగు కనబడినప్పటి నుంచి కాఫీకి మందు కొట్టాలన్న తొందర అందరిలో పెరిగింది. అదే తోటలో మిరియాలు ఉన్నాయన్న సంగతి మరచిపోతున్నారు. క్లోర్‌పైరిఫాస్‌కు ఐరోపా సమాఖ్య 2020లోనే అనుమతి ఆపేసింది. కాఫీకని కొట్టిన తుంపర మిరియాల గుత్తి మీద పడితే, ఇంతవరకు తోటమిత్ర గారి కాగితంలో ఉన్న ఒకే ఒక్క మంచి మాట కూడా పోతుంది. రాలిన కాయలు ఏరడం, ఉచ్చులు కట్టడం, ఏరిన పండును వేడినీటిలో ముంచడం వంటివే ముందు చేయాలి.

ప్రకృతిసేద్యం_పాడేరు
మేము పాదులకు జీవామృతం పోస్తాము. అదీ పేడే కదా, మానుకోవాలా?

కొచ్చి_ప్రయోగశాల
మానుకోనక్కర లేదు. వేళ పాటించండి. పాదు మొదట్లో, వానాకాలంలో పోయండి. గింజ కట్టిన తరువాత గుత్తుల మీద పిచికారీ చేయకండి. అమెరికా సేంద్రియ నిబంధనల్లో పచ్చి పేడ వేయడానికీ కోతకూ మధ్య కనీసం 90 రోజులు, తినే భాగం నేలను తాకే పంటకైతే 120 రోజులు ఉండాలి. ఆ లెక్క పెట్టుకుంటే మీరు సెప్టెంబరు చివరికి ఆపాలి.

అరకు_నిచ్చెన
ఇన్ని మాటల్లో చెట్టెక్కే మనిషి గురించి ఒక్కరూ అడగలేదు. సిల్వర్ ఓక్ ఎదుగుతూ పోతుంది, దానితోపాటు పాదూ పాకుతుంది. మా మేనమామ నాలుగేళ్ల కిందట 30 అడుగుల ఎత్తు నుంచి పడి నడుము విరిగి మంచాన ఉన్నాడు. కొన్నవారెవరూ ఆయన పేరు కూడా అడగలేదు. ప్రమాణంలో కూలీల భద్రత అని ఒక పంక్తి ఉందని లెక్కలపుస్తకం గారు రాశారు. ఆ పంక్తి మా ఊళ్లో ఏ రూపంలో కనబడాలో నాకు చెప్పండి.

చింతపల్లి_నారుమడి
మీ మామయ్య సంగతి చదివి చాలా బాధ కలిగింది. చేయగలిగినవి ఉన్నాయి. చిన్న పాదులను 15, 20 అడుగుల దగ్గర తల తుంచి పక్కకు పాకనివ్వాలి. అప్పుడు పక్క కొమ్మలు దట్టంగా వచ్చి కాపు కిందనే దొరుకుతుంది. పెద్ద చెట్లకు ఒంటి వెదురు నిచ్చెనను చెట్టుకు రెండుచోట్ల తాడుతో కట్టి, నడుముకు పట్టీ వేసుకుని మాత్రమే ఎక్కాలి. మంచు ఆరని పొద్దున ఎక్కకూడదు, కింద ఒక మనిషి లేనిదే ఎక్కకూడదు.

గుంటూరు_కల్లం
ఇవన్నీ చేశాక ధర పెరుగుతుందా? నేను అడగకపోతే ఎవరూ అడిగేట్టు లేరు. బరకాలు, సంచులు, కట్టెలు, నడుము పట్టీ, నాలుగు రోజుల అదనపు పని, ఇవన్నీ రైతు పెట్టుబడే. సంతలో శుభ్రమైన గింజకూ రోడ్డు మీది గింజకూ ఒకే ధర పలికితే రెండో ఏడు ఎవరూ చేయరు, చేయకపోవడం వారి తప్పూ కాదు.

సంత_తక్కెడ
నిజం. అందుకే కోతకు ముందే కొనేవారితో రాతపూర్వకంగా మాట్లాడుకోవాలి. లీటరు బరువు ఇంత, తేమ ఇంత, సాల్మొనెల్లా లేదని పరీక్ష వస్తే సంత ధర మీద కిలోకు ఇంత అదనం అని. పరీక్ష నమూనా సరుకు లారీ ఎక్కకముందే మీ ఊళ్లోనే, మీ ఎదుటే తీయాలి. లారీ వెళ్లాక తీసే నమూనాతో కిరాయి నష్టం ఎప్పుడూ రైతుదే.

లెక్కలపుస్తకం
దీనిని ఒప్పుకుంటాను, ఇందాక నేను చెప్పిన వరుస మార్చుకుంటాను కూడా. ముందు బరకం, సంచి, డేగిసా. వాటితోపాటే ఇంటి చీటీ, క్యాలెండరు చుక్కలు. ఒక కోత అలా నడిచాక సమూహం నమోదు. నమూనాలను గుంటూరులోని స్పైసెస్ బోర్డు ప్రయోగశాలకు పంపవచ్చు, కొచ్చి దాకా పోనక్కర లేదు.

పెదబయలు_తోటమిత్ర
నిన్న సాయంత్రం ఊళ్లో కూర్చుని ఈ మాటలన్నీ చదివి వినిపించాను. పచ్చిగా చల్లుకుంటారన్న దగ్గర అందరూ ఒక్క క్షణం మౌనంగా ఉండిపోయారు. నన్ను అడిగిన పెద్దావిడ “అయితే పిల్లలు తింటారేమో కూడా” అని, తన వాకిట్లో బరకం వేయడానికి అందరికన్నా ముందు ఒప్పుకున్నారు.

ఈసారి 64 ఇళ్లతో కాకుండా, తమంతట తాము ముందుకొచ్చిన 18 ఇళ్లతో మొదలుపెడుతున్నాము. శిక్షణకు ఉంచిన డబ్బుతో 36 బరకాలు, కొత్త సంచులు, రెండు డేగిసాలు కొంటాము. మిరియాల బరకాలకు నాలుగు మూలలా ఎర్రగుడ్డ కుట్టిస్తాము, వాటి మీద కాఫీ పోయకూడదని కట్టుబాటు చేసుకున్నాము. కోళ్లను ఆ నాలుగు రోజులు గంపల కింద మూస్తామని ఆడవాళ్లే చెప్పారు. ఈ 18 ఇళ్ల సరుకు వేరుగా ఉంచి, ఊళ్లోనే నమూనా తీసి గుంటూరు పంపుతాము. మిగిలిన 46 ఇళ్లవారు ఎప్పటిలాగే సంతకు తీసుకుపోతారు, వారిని ఎవరూ ఏమీ అనకూడదని కూడా నిర్ణయించాము.

వంజంగి అక్కను ఒకటి అడగాలి. మీ వెదురు బుట్ట కన్ను ఎంత సన్నం ఉండాలి? మా ఊరి మేదరి చేసే బుట్టల్లోంచి చిన్న గింజ జారిపోతోంది.

వంజంగి_మహిళాసంఘం
కంది పప్పు జారని కన్ను ఉంటే చాలు బాబూ. మేదరికి చెప్పేటప్పుడు బుట్టతో పాటు గుప్పెడు పచ్చి మిరియాలు కూడా చేతికివ్వండి, చూసి అల్లుతాడు. పిడి రెండు వైపులా ఉండాలి, పొడుగ్గా ఉండాలి. మొదటి ఏడాది పొట్టి పిడి పెట్టించుకుని ఆవిరికి నా మణికట్టు కాలింది. కోత మొదలయ్యే ముందు కబురు చేస్తే మేము ఇద్దరం మీ ఊరు వచ్చి మొదటి పొయ్యి దగ్గర నిలబడతాము.